పదికి ఎంత

సాయంత్రం ఏడు దాటి నాలుగు నిమిషాలకు ఆ ప్రశ్న మొదటిసారి అడిగాను. సమయం గుర్తుండడానికి కారణం, ఆసుపత్రి వాళ్లిచ్చిన పుస్తకంలో సమయం రాయడానికి కూడా ఒక గడి ఉంది. మా అప్ప వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తోంది. కాళ్లు ముందుకు చాపి, మడమలు మాత్రం నేలకు ఆనించి, పాదాలు పైకెత్తి పెట్టుకుంది.

"పదికి ఎంత అప్పా?"

ఆమె ఒలవడం ఆపి కాసేపు ఆలోచించింది.

"ఆరు రాయి," అంది. మళ్లీ, "ఆరున్నర ఉండదేటి?" అని అడిగింది.

"ఉండదు. ఆరో, ఏడో."

"అయితే ఆరే రాయి. ఎక్కువేసుకోకూడదు."

ఆరు రాశాను. పక్కన సమయం, దాని పక్కన నా పొడి సంతకం. రోగికి చదవడం రాయడం ఇబ్బందిగా ఉంటే ఇంట్లో వాళ్లు రాయవచ్చని పుస్తకం అట్ట లోపల ఉంది. అప్ప ఐదో తరగతి వరకు చదివింది. చదవగలదు. కానీ వేళ్ల చివర్లు మొద్దుబారి పెన్ను నిలిచేది కాదు.

మా సీతంపేట వైపు అక్కను అప్ప అంటాం. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అమ్మ పోయినప్పుడు ఆమె బడి మానేసింది, నేను మానలేదు. ఆమె పెళ్లి రెండేళ్లు నిలిచింది. నాకు పెళ్లి కాలేదు. అరకులోయ ఆశ్రమ పాఠశాలలో నాకు తెలుగు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు నాతో పాటే కొండెక్కి వచ్చింది. ఊరికే కూర్చోలేక హాస్టల్లో వంటకు కుదిరింది. ఇరవై రెండేళ్లు ఒకే క్వార్టర్లో ఉన్నాం. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక ఒక కుళాయి.

రొమ్ములో గడ్డ కనిపించాక విశాఖలో ఆపరేషను చేశారు. తర్వాత కీమో. గడ్డ పోయిందన్నారు. కానీ కీమో నాలుగో విడత నుంచి అరికాళ్లలో మంట మొదలైంది. మందు ఆగినా మంట ఆగలేదు. క్యాన్సరు కణాలను చంపే మందు నరాల చివర్లను కూడా పాడు చేస్తుందనీ, కొందరిలో అవి కోలుకుంటాయనీ, కొందరిలో కోలుకోవనీ డాక్టరు చెప్పారు. రాసిచ్చిన మాత్రలు వేసుకుంటే మంట కొంత తగ్గేది, కానీ ఆమెకు పగలంతా మత్తుగా ఉండేది. హాస్టల్లో ఒకసారి గంజి వార్చబోతూ తూలింది. ఆ తర్వాత వంటకు వెళ్లలేదు.

అప్పుడే డాక్టరు ఆ పరిశోధన సంగతి చెప్పారు. కీమో తర్వాత వచ్చే నరాల నొప్పికి కొత్త మాత్ర. కొందరికి అసలు మాత్ర, కొందరికి అలాగే కనిపించే, మందు లేని మాత్ర. పన్నెండు వారాలు. ఆ పని చూసే అమ్మాయి మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి కాగితాలన్నీ చదివి వినిపించింది. విశాఖ అమ్మాయి, చురుకైంది. చెప్పాల్సిందంతా చెప్పింది. ఆ మాట ఇక్కడే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఆమెను తప్పుపట్టాలని నాకు లేదు.

"ఏది అసలు మాత్రో మీకూ తెలియదు ఆంటీ, డాక్టరు గారికీ తెలియదు," అంది ఆ అమ్మాయి.

"డాక్టరు గారికి కూడా తెలీదేటి?" అప్ప నా వైపు చూసింది. "మరెవుడికి తెలుసమ్మా?"

"కంప్యూటరుకి తెలుసు."

"అయితే మమ్మల్నేటి అడుగుతారు, దాన్నే అడగండి."

ఆ అమ్మాయి నవ్వింది. అప్ప నవ్వలేదు, నిజంగానే అడిగింది. తర్వాత, "నాను సెప్పింది ఎవులికైనా పనికొస్తాదా?" అని అడిగింది. మీలాంటి చాలామందికి పనికొస్తుందని ఆ అమ్మాయి అంది. అప్ప వెంటనే వేలిముద్ర వేయబోతే, సంతకం వచ్చు కదా అని ఆపాను. పెన్ను రెండుసార్లు జారింది. మూడోసారి రాసింది.

నియమాలు ఇవి. ముందు వాడుతున్న మాత్రలు ఆపెయ్యాలి. పన్నెండు వారాలూ నొప్పికి వేరే ఏ వైద్యమూ చేయకూడదు, నూనె మర్దనతో సహా. రోజూ సాయంత్రం ఏడింటికి నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె రాయాలి. వరసగా రెండు రోజులు ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఫోన్ చేయాలి. అప్పుడు విడిగా సీలు వేసి ఇచ్చిన పొట్లం విప్పి అందులోని మాత్రలు వేసుకోవచ్చు. అవి మాత్రం తప్పకుండా నొప్పి తగ్గించే మాత్రలు. ఆ పొట్లాన్ని వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టాను, వెతుక్కోకుండా.

పుస్తకంలో ప్రతి పేజీ పైనా ప్రశ్న అచ్చువేసి ఉంది. "గడిచిన ఇరవై నాలుగు గంటలలో మీ నొప్పి సగటున ఏ స్థాయిలో ఉన్నదో తెలుపు అంకెను ఎంచుకొనుము. సున్నా అనగా నొప్పి లేదు. పది అనగా ఊహించగలిగినంతలో అత్యంత తీవ్రమైన నొప్పి." రోజూ ఈ మొత్తం పైకి చదివి జవాబు రాయాలని ఆ అమ్మాయి చెప్పింది. నాకు ఆ వాక్యం నచ్చలేదు. అనవసరపు మాటలు ఎక్కువ అనిపించింది. మొదటి రోజే దాన్ని రెండు మాటలు చేశాను.

అంకె మాత్రం నచ్చింది. నొప్పి గురించి నేను చదివిన పుస్తకాల్లో నిప్పులు ఉంటాయి, ముళ్లు ఉంటాయి, పాములు ఉంటాయి. రాసినవాడికి నొప్పి లేదని ఆ పోలికలే చెబుతాయి. పిల్లలకు కూడా అదే చెప్పేదాన్ని, అలంకారం తెలియాలి గానీ వాడాలని లేదని. అందుకే ఒక మనిషి బాధ ఒక అంకెగా ఒక గడిలో కూర్చోవడం నాకు మర్యాదగా అనిపించింది.

మొదటి వారం ఆరు, ఆరు, ఐదు, ఆరు. ఆ అంకెలు చూసే ఆమెను పరిశోధనలో చేర్చుకున్నారు. నొప్పి మరీ తక్కువగా ఉన్నవాళ్లను తీసుకోరట. తర్వాత కొత్త మాత్రల సీసా వచ్చింది. దాని మీద పేరు లేదు, ఒక నంబరు ఉంది. మూడో వారానికి ఐదు, నాలుగు. ఐదో వారానికి నాలుగు, మూడు.

"బాగుంది," అనేదాన్ని రాస్తూ.

అప్ప నా మొహంలోకి చూసేది.

నేను అంకెలు తప్ప మరేమీ చూడలేదంటే అబద్ధం. చూశాను. శుక్రవారం సంతకు రావడం మానేసింది. "చలి," అంది. మార్గశిరంలో అరకులో చలి నిజమే. చెప్పులు వేసుకోవడం మానేసింది. వాటి వాసన పడడం లేదంది. పడుకునేటప్పుడు దుప్పటి పాదాలకు తగలకుండా మంచం చివర ప్లాస్టిక్ స్టూలు పెట్టి దాని మీదుగా కప్పుకునేది. స్నానాల గదికి వెళ్లాలంటే గోడ పట్టుకుని మడమల మీద నడిచేది. మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి పొద్దున్న ఏ చోట కూర్చుందో ఆ చోటే ఉండేది. కిటికీ అవతల కాఫీ తోటకు పోయే ఆడవాళ్లు బుట్టలతో వెళ్లడం, రావడం చూసేది. వాళ్లు ఎప్పుడు వెళ్లారో, ఎవరు ఆలస్యంగా వచ్చారో నాకు చెప్పేది. ఇంట్లోనుంచి ఆమె కదిలింది లేదు.

వీటన్నిటికీ నా దగ్గర ఒక్కో కారణం ఉండేది. పుస్తకంలో అంకె తగ్గుతోంది కాబట్టి, ఇవి వేరే దేనివల్లనో అయి ఉండాలి.

హాస్టల్లో ఆమెతో పాటు వంట చేసే ఆమె అప్పుడప్పుడు రాగులతో కాచిన చోడి అంబలి పట్టుకుని వచ్చేది. పైనున్న గిరిజన గూడెం మనిషి. ఒకరోజు అప్ప గోడ పట్టుకుని వెళ్లడం చూసి నన్ను పక్కకు పిలిచింది.

"టీచరమ్మా, అక్కకి ఆ మందు పడ్తలేదు."

"పడుతోంది. చూడు, ఆరు ఉండేది, మూడుకి వచ్చింది," అని పుస్తకం తెరిచి చూపించాను.

ఆమె పుస్తకం వైపు చూడలేదు. "తగ్గితే నడవాలి కదమ్మా," అంది. గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

ఇంకో సాయంత్రం. ఏడింటికి ఫోనులో అలారం మోగింది. నా ఒళ్లో తొమ్మిదో తరగతి పేపర్లు ఉన్నాయి. అప్ప మామూలుగా అంకె చెప్పకుండా, "ఇయాల ఏటయిందంటే, అరికాళ్ల కింద మరి..." అని మొదలుపెట్టింది.

"అంకె చెప్పప్పా. తర్వాత మాట్లాడుకుందాం."

ఆగింది.

"మూడు," అంది.

తర్వాత మాట్లాడుకోలేదు. అరికాళ్ల కింద ఏమైందో ఆమె మళ్లీ చెప్పలేదు, నేను అడగలేదు. చనిపోయినవాళ్ల విషయంలో మనకు మిగిలేవి పెద్ద తప్పులని అనుకునేదాన్ని. కాదు. నాకు మిగిలింది ఆ సగం వాక్యం.

తొమ్మిదో వారం శనివారం. ప్రతి శనివారం ఆ అమ్మాయి ఫోన్ చేసి వారం అంకెలు రాసుకునేది. ఎప్పుడూ నాతోనే మాట్లాడేది. ఆ రోజు నా చేతులకు పిండి ఉండడంతో ఫోను గట్టు మీద పెట్టి స్పీకరు నొక్కాను. అప్ప పీట మీద ఉంది.

"మూడు, మూడు, రెండు, మూడు, రెండు, రెండు, రెండు," అని చెప్పాను.

"సూపర్ మేడమ్! ఆరు నుంచి రెండుకి వచ్చేశారు. ఆంటీకి కంగ్రాట్స్ చెప్పండి. అందరికీ ఇలా రావట్లేదు."

"రెండొస్తే సంబరమేటే దానికి?" అంది అప్ప, పీట మీద నుంచి.

ఆ అమ్మాయికి వినిపించలేదు. వచ్చే నెల ఆసుపత్రికి రావాల్సిన తేదీ చెప్పి ఫోను పెట్టేసింది. నేను చేతులు కడుక్కోకుండానే అప్ప వైపు తిరిగాను.

"ఏమన్నావు?"

"అదే, రెండొస్తే కంగ్రాట్సంటాదేటి ఆ గుంట? ఎక్కిరిత్తందా?"

"రెండంటే మంచిదే కదప్పా."

"పదికి రెండు మంచిదేటి? నీకు పదికి రెండొస్తే మన నాన్న ఊరుకున్నాడా?"

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నెమ్మదిగా అడిగాను. పది అంటే ఏమిటనుకున్నావని.

"పదంటే బాగా ఓర్సుకున్నట్టు. ఐదంటే పాసు. దానికి కింద తప్పినట్టు. మరేటి?"

"ఆసుపత్రిలో ఆ అమ్మాయి చెప్పింది కదా."

"అదేటో సెప్పింది. ఓర్సుకోలేనంతంది, ఓర్సుకున్నంతంది, నాకేటి గేపకముంటాది. ఇంటికొచ్చాక నువ్వు అడిగింది పదికి ఎంత అని. పదికి ఎంతంటే నాకు తెలీదేటి? నీకు ఎన్ని సార్లు అడిగినాను?"

అడిగింది. నేను రెండో తరగతి నుంచి పదో తరగతి దాకా బడి నుంచి వచ్చి పలక గానీ సంచి గానీ దింపకముందే, పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండా అడిగేది. పదికి ఎన్నే గుంటా? ఎనిమిదంటే బెల్లం ముక్క పెట్టేది. నాలుగంటే ఏమీ అనేది కాదు, కూర మాత్రం తక్కువ వేసేది. ఆమె బడి మానేసిన తర్వాత బడితో ఆమెకు మిగిలిన సంబంధం ఆ ప్రశ్న ఒక్కటే. నేను అదే ప్రశ్నను తిప్పి ఆమెను రోజూ అడిగాను. ఆమె తన రోజుకి తనే మార్కులు వేసుకుంది. ఎక్కువేసుకోకూడదని జాగ్రత్తపడింది.

"అయితే ఈ రోజు రెండంటే?"

"రెండంటే ఇంక నా వల్ల కాలేదని."

పిండి చేతులు చీరకు తుడుచుకున్నాను.

"నువ్వేమో నవ్వేదానివి," అంది అప్ప. "తక్కువొచ్చినకొద్దీ బాగుందనేదానివి. నా మీద కోపమేటో అనుకున్నాను. ఇన్నాళ్లూ సేయించుకుంటన్నాను కదా, ఇసిగిపోయిందేటో అనుకున్నాను."

ఉప్పు డబ్బా పక్కన పొట్లం సీలుతో అలాగే ఉంది. ఆమె అంకెల్ని తిప్పి చూస్తే, మూడు వారాలుగా ఎక్కువ రోజులు అది విప్పాల్సిన రోజులే.

వెంటనే ఫోన్ చేయాలని లేచాను. అప్ప నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"ఎవులికి సేత్తన్నావు?"

"ఆ అమ్మాయికి. తప్పు రాశామని చెప్పాలి."

"వొద్దు. తొమ్మిది వారాలు తప్పు సెప్పిందంటారు. టీచరు ఉండి కూడా తప్పు రాసిందంటారు. నువ్వు ఇంకెవులి పేపర్లైనా దిద్దగలవా ఆ మాటయ్యాక?"

"నీ కాళ్ల సంగతి ఏమిటి?"

"నా కాళ్లు ఎక్కడికి పోతాయి. ఇంక మూడు వారాలే."

ఆ రాత్రికి ఏడింటి గడి అప్పటికే నిండింది. మర్నాడు ఆదివారం ఏడింటికి అలారం మోగినప్పుడు మేమిద్దరం పుస్తకం ముందు కూర్చున్నాం. ఏమి రాయాలో ఇద్దరికీ తెలియదు.

"ఎనిమిది రాయి," అంది అప్ప. వెంటనే, "వొద్దొద్దు, నిన్న రెండు, ఇయాల ఎనిమిదంటే ఆ గుంటకి అనుమానం రాదేటి? మూడు రాయి. రోజుకొకటి పెంచుకుంటూ పోదాం."

"అలా చేస్తే ఎనిమిదికి వచ్చేసరికి వారం పడుతుంది. అప్పటిదాకా పొట్లం విప్పకూడదు."

"అయితే రోజుకి రెండు పెంచు."

నవ్వొచ్చింది. ఆమెకు కూడా. నవ్వడానికి ఆమె కాళ్లు కదిపింది, వెంటనే కళ్లు మూసుకుంది. ఆ గడిలో ఏమీ రాయలేదు. ఖాళీ గడి ఉండకూడదని నియమం. అది కూడా తప్పే.

చెబితే ఆమెను పరిశోధన నుంచి తీసేస్తారు. సీసాలో ఉన్నది అసలు మందే అయితే, అది లేకపోతే ఇంకెంత పెరుగుతుందో తెలియదు. చెప్పకపోతే ఇంకో మూడు వారాలు ఆమె ఇదే పీట మీద, ఇదే నొప్పితో, పుస్తకంలో కోలుకుంటూ ఉండాలి. పొట్లం దొంగతనంగా విప్పుదామంటే ఆమె ఒప్పుకోలేదు. సోమవారం కూడా గడి ఖాళీగానే ఉంచాను. రెండు రోజులూ బడిలో పాఠం చెబుతున్నానో లేదో నాకు తెలియలేదు. పిల్లలు వ్యాకరణం అడిగితే పుస్తకంలో చూసుకోమన్నాను.

మంగళవారం నేను వచ్చేసరికి అప్ప కిటికీ వైపు కాకుండా గుమ్మం వైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఒక మాట సెప్పు," అంది. "నా అంకెలు సూసి వోళ్లేటనుకుంటారు?"

"మాత్ర బాగా పనిచేస్తోందనుకుంటారు. నీకు వచ్చింది అసలు మందైతే."

"ఉత్తిదైతే?"

"ఉత్తి మాత్రకే ఇంత తగ్గిందనుకుంటారు. అసలు మందు దండగ అనుకోవచ్చు."

"ఎటైనా తప్పే కదా."

"ఎటైనా తప్పే."

ఆమె తన పాదాల వైపు చూసుకుంది.

"నా కీమో గదిలో పక్క మంచం మీద ఒక గుంట ఉండేది, గేపకముందా? సంటిపిల్ల తల్లి. దాని కాళ్లకీ మొదలైందన్నది. రేపు దానికి ఇదే మాత్ర ఇచ్చి, ఇది తిను తగ్గిపోద్ది, ఇంకో అప్పకి తగ్గింది అంటారు. అది తినీసి, తగ్గకపోతే, నాదే తప్పేటో అనుకుని ఇలాగే కూకుంటాది." ఫోను వైపు చూపించింది. "సెప్పీవే. బేగి సెప్పీ. మళ్లీ నాకు మనసు మారిపోద్ది."

ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చివరి దాకా విన్నది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"మేడమ్, నేను ఫోన్లో ఒక్కసారి కూడా ఆంటీతో మాట్లాడలేదు," అంది. "మీతోనే మాట్లాడాను. మీరు టీచర్ కదా అని."

ఆ తర్వాత గొంతు మార్చుకుని చేయాల్సినవి చెప్పింది. పొట్లం ఇప్పుడే విప్పండి. ఆ మాత్ర ఒకటి ఇవ్వండి. గురువారం ఇద్దరూ ఆసుపత్రికి రండి. పుస్తకంలో ఏదీ చెరపకండి.

గురువారం కిరండూల్ నుంచి విశాఖ వెళ్లే బండిలో కిందికి దిగాం. స్టేషను దాకా ఆటో, అక్కడి నుంచి బండి దాకా నా భుజం. ఎదురు సీటు ఖాళీగా ఉన్నా ఆమె పాదాలు నా ఒళ్లోనే పెట్టుకుంది. సీటు బల్ల అదురుతుంటే ఓర్చుకోలేకపోయింది. బండి సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా ఎక్కడివాళ్లక్కడ అరిచే పిల్లల గుంపు ఒకటి పక్క పెట్టెలో ఉంది. ప్రతి సొరంగం దాటాక అప్ప, "ఇంకెన్నున్నాయే?" అని అడిగింది. నేను లెక్క పెట్టలేదు. చాలా ఉన్నాయని చెప్పాను.

డాక్టరు పుస్తకం మొత్తం తిరగేశారు. మధ్య వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. ప్రతి పేజీ మీదా ఒకే గీత అడ్డంగా గీసి, తేదీ వేసి, నా చేత సంతకం పెట్టించారు. కొట్టేసినది కూడా కనిపించాలట. అందుకని ఒక్క గీతే. ఈ అంకెలు లెక్కలోకి రావనీ, జరిగింది జరిగినట్టు తాము రాసి ఉంచుతామనీ, ఇక నుంచి ఫోన్లో రోగితోనే మాట్లాడాలని అందరికీ చెబుతామనీ అన్నారు. అప్పకు ఇవేవీ పట్టలేదు.

"నాను తప్పినట్టా బాబూ?" అని అడిగింది.

"మీకు కాదమ్మా పరీక్ష," అన్నారు ఆయన. "మాత్రకి."

అప్ప ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఆ మాట ముందే సెప్పకూడదేటి," అంది.

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టారు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అప్ప బయటికి వస్తూ ఆమె చెయ్యి పట్టుకుని, "నీదేం లేదు పాపా, మా గుంటకి మాటలు మిగల్సడం అలవాటు," అంది. నా గురించి అంతకంటే సరైన విమర్శ నేను ఎక్కడా వినలేదు.

పాత మాత్రలు మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు, ఇంకొకటి కలిపారు. వారం తిరిగేసరికి కొంత తగ్గింది. ఎంత తగ్గిందని నేను అడగలేదు. ఆమే చెప్పింది. "దుప్పటి ఓర్సుకుంటన్నాను," అంది. స్టూలు తీసేశాం.

అంతకంటే ముందే, విశాఖ నుంచి వచ్చిన మర్నాడు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పీట ఖాళీగా ఉంది. కంగారుపడి లోపలికి వెళ్లాను. అప్ప వంటింట్లో నిలబడి ఉంది. ఒంటి మీద స్వెట్టరు, దాని మీద శాలువ, తలకు కండువా. చీర మడమల పైకి ఎత్తి కట్టుకుంది. గచ్చంతా నీళ్లు. బిందె పక్కకు వొరిగి ఉంది. ఆ నీళ్లలో రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనించి నిలబడింది. ఆమె అలా నిలబడడం చూసి రెండు నెలలయింది.

"ఇంక సేయొచ్చు కదా?" అంది, తప్పు చేస్తూ దొరికినట్టు.

"ఏమిటి?"

"ఇదే. సల్లగచ్చు మీద నిలబడితే మంట అణుగుతాది. ఆ మాత్రలకి ముందు నువ్వు బడికెల్లాక సేసేదాన్ని. తర్వాత మానీసాను. వేరే వైద్యం సేయకూడదన్నారు కదా. కాపీ కొట్టినట్టుంటాది కదేటి?"

ఒరిగిన బిందెను నిలబెట్టాను. నీళ్లు మర్దన కావు, మందు కావు, నిషేధించిన జాబితాలో లేవు. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆమె అడిగే చోటు నేను ఉంచలేదు.

ఆ రోజు నుంచి గచ్చు తడపడం నా పని అయింది. బడి నుంచి రాగానే కుళాయి నుంచి రెండు బిందెలు తెచ్చి, వంటింటి మూల నుంచి గుమ్మం దాకా పోసేదాన్ని. గుమ్మానికి అడ్డంగా పాత చీర చుట్టి పెట్టేదాన్ని, గదిలోకి నీళ్లు రాకుండా. ఆమె గట్టు పట్టుకుని నిలబడేది. నేను పీట మీద కూర్చునేదాన్ని. ఆమె మాట్లాడేది. ఎంతసేపైనా విన్నాను. అరికాళ్ల కింద ఏముందో చెప్పేది. ఒకరోజు ఉప్పు బస్తా మీద నడిచినట్టు. ఒకరోజు ఎవరో మేజోళ్లు తొడిగి లోపల చీమలు వదిలినట్టు. ఒకరోజు ఏమీ లేదు, ఉత్తినే నిలబడాలని ఉందనేది. వాటిలో పోలికలు ఉండేవి. అవన్నీ నిజం.

అలా మూడు నెలలు. చైత్రం దాటాక దగ్గు మొదలైంది. పరీక్షలు చేస్తే క్యాన్సరు ఊపిరితిత్తుల్లోకి వచ్చిందన్నారు. మళ్లీ కీమో అంటే అప్ప వద్దంది. కాళ్లు ఇప్పుడిప్పుడే నావయ్యాయి అంది. డాక్టరు బలవంతపెట్టలేదు. నేను కూడా పెట్టలేదు. అది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరి నెలలో నిలబడలేకపోయేది. కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు తడి గచ్చు మీద ఆనేలా దింపేదాన్ని. హాస్టల్లో వంట చేసే ఆమె వచ్చినప్పుడు తనూ చెప్పులు విడిచి ఆ నీళ్లలోనే నిలబడి మాట్లాడేది. ఆషాఢం మొదటి వానల్లో, ఒక మధ్యాహ్నం, నేను ఇంట్లో ఉండగానే, అప్ప పోయింది.

వానలు తగ్గాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. సంగతి చెబితే ఏడ్చింది. పరిశోధన పూర్తయిందనీ, సీసాలో ఉన్నది అసలు మందో ఉత్తి మాత్రో ఇప్పుడు చెప్పవచ్చనీ, కావాలంటే చెబుతాననీ అంది. వద్దన్నాను. తెలిస్తే దానికి తగ్గట్టు జరిగినదాన్ని మళ్లీ సర్దుకుంటానని నాకు తెలుసు. పక్క మంచం గుంట ఎలా ఉందని మాత్రం అడిగాను. ఆమెకు తెలియదు.

నేను ఇంకా ఆ క్వార్టర్లోనే ఉంటున్నాను. బడి నుంచి నాలుగున్నరకు వస్తాను. టీ పెట్టుకుంటాను. బిందెలు బోర్లించి ఉంటాయి. వంటింటి గచ్చు ఇప్పుడు తడపడం లేదు.